నదిలో పడేయమన్న నవల.. దేశాన్నే కట్టిపడేసింది! ఆర్కే నారాయణ్ ‘మాల్గుడి’ వెనుక అసలు కథ ఇదీ

మాల్గుడి డేస్.. దూరదర్శన్ రోజులు చూసినవాళ్లకు ఈ పేరు వింటే చాలు, స్వామి అనే కుర్రాడు, ఓ చిన్న ఊరు, ఆ టైటిల్ మ్యూజిక్ గుర్తొచ్చేస్తాయి. ఇప్పటికీ ఆ ఎపిసోడ్లను ఫోన్లలో వెతుక్కుని మరీ చూసేవాళ్లు ఉన్నారు. కానీ ఆ ఊరిని సృష్టించిన ఆర్కే నారాయణ్ తన మొదటి నవల మీద ఆశ వదిలేసుకున్నారని, దాన్ని నదిలో పడేయమని స్నేహితుడికి రాశారని చాలామందికి తెలియదు. ఇంగ్లిష్‌లో రాసి బతకడం అనే మాటే మన దేశంలో వింతగా అనిపించే కాలంలో ఆయన ఆ పని ఎలా చేశారు? మధ్యలో ఏం కోల్పోయారు? ఇప్పుడు చూద్దాం.

పరీక్ష తప్పిన కుర్రాడు

నారాయణ్ 1906 అక్టోబర్ 10న మద్రాసులో పుట్టారు. తండ్రి హెడ్‌మాస్టర్. బదిలీల ఉద్యోగం కావడంతో చిన్నప్పుడు మద్రాసులో అమ్మమ్మ దగ్గరే పెరిగారు. తర్వాత మైసూర్ చేరారు. ఇంట్లో, స్కూల్లో పుస్తకాలకు కొదవ లేదు. చదవడం అంటే ప్రాణం. అయితే విచిత్రంగా యూనివర్సిటీ ఎంట్రన్స్ పరీక్షలో తప్పారు. డిగ్రీ చేతికొచ్చేసరికి మామూలు కంటే ఆలస్యమైంది.

కొన్నాళ్లు టీచర్‌గా చేశారు. నచ్చలేదు, మానేశారు. ఇక ఇంట్లో కూర్చుని నవలలే రాస్తానన్నారు. హెడ్‌మాస్టర్ గారి అబ్బాయి ఉద్యోగం వదిలేసి కథలు రాస్తానంటే చుట్టుపక్కల వాళ్లు ఏమనుకుంటారో ఊహించుకోవచ్చు.

1930లో విజయదశమి రోజు. అమ్మమ్మ మంచి రోజు చూసి చెప్పడంతో ఓ నోట్‌బుక్ కొని రాయడం మొదలుపెట్టారు. మన దగ్గర కూడా దసరాకు పిల్లలకు అక్షరాభ్యాసం చేయించే అలవాటు ఉంది కదా.. అలాంటి రోజే మాల్గుడికీ పునాది పడింది. ముందు ఆయన మనసులో మెదిలింది ఓ రైల్వే స్టేషన్. దాని చుట్టూ వీధులు, స్కూలు, నది, దుకాణాలు ఒక్కొక్కటిగా వచ్చి చేరాయి. మ్యాపులో ఎక్కడా లేని ఊరు అది.

ఏడాది సంపాదన 9 రూపాయల 12 అణాలు!

రాయడం మొదలుపెట్టిన కొత్తలో ఆయనకు దొరికిన పని ఓ పుస్తక సమీక్ష. 17వ శతాబ్దపు ఇంగ్లండ్ సముద్ర చట్టాల మీద వచ్చిన పుస్తకం అది. కథలు రాద్దామనుకున్న మనిషికి దొరికిన మొదటి పని చూడండి! ఆ ఏడాది రచనల మీద వచ్చిన మొత్తం ఆదాయం 9 రూపాయల 12 అణాలు.

ఇంతలో పెళ్లి. కోయంబత్తూరులో అక్క ఇంటికి వెళ్లినప్పుడు రాజం అనే అమ్మాయిని చూసి ఇష్టపడ్డారు. జాతకాలు కుదరలేదన్నారు. అయినా పట్టుబట్టి పెళ్లి చేసుకున్నారు. ఇల్లు గడవాలి కాబట్టి మద్రాసు నుంచి వచ్చే ‘ది జస్టిస్’ పత్రికకు మైసూర్ రిపోర్టర్‌గా పనిచేశారు. కోర్టులు, బజార్లు, గొడవలు.. వార్తల కోసం ఊరంతా తిరగాల్సి వచ్చింది. రకరకాల మనుషులను దగ్గర్నుంచి చూసింది అప్పుడే. జీతం కోసం చేసిన పని కథలకూ పనికొచ్చిందన్నమాట.

‘రాయి కట్టి థేమ్స్‌లో ముంచెయ్’

అప్పట్లో ఇంగ్లిష్‌లో నవల రాస్తే దాదాపుగా లండన్ పబ్లిషర్లే దిక్కు. మాన్యుస్క్రిప్ట్ ఓడలో వెళ్లాలి, జవాబు ఓడలో రావాలి. నారాయణ్ మొదటి నవల ‘స్వామి అండ్ ఫ్రెండ్స్’ ఇలా వెళ్లడం, తిరిగి రావడమే పనిగా పెట్టుకుంది. వరుసగా తిరస్కరణలే.

ఆక్స్‌ఫర్డ్‌లో చదువుతున్న పూర్ణ అనే స్నేహితుడి దగ్గరకు చివరికి ఆ రాతప్రతి చేరింది. ఇక లాభం లేదనుకున్న నారాయణ్, దానికి రాయి కట్టి థేమ్స్ నదిలో ముంచెయ్యమని ఆయనకు రాశారు. పూర్ణ ఆ పని చేయలేదు. నవలను తీసుకెళ్లి గ్రాహం గ్రీన్ అనే యువ రచయిత చేతిలో పెట్టారు. గ్రీన్‌కు అది బాగా నచ్చింది. ఆయన సిఫార్సుతో హమీష్ హామిల్టన్ సంస్థ 1935లో పుస్తకం అచ్చువేసింది.

ఆర్.కె. నారాయణస్వామి కాస్తా ఆర్.కె. నారాయణ్ అయింది కూడా గ్రీన్ సలహాతోనే. ఇంగ్లిష్ పాఠకులకు పలకడానికి తేలికగా ఉండాలని పేరు కుదించారు. విశేషం ఏంటంటే, వీళ్లిద్దరూ ముఖాముఖి కలుసుకున్నది దాదాపు ఇరవై ఏళ్ల తర్వాత. అప్పటిదాకా స్నేహమంతా ఉత్తరాల్లోనే.

ఇది ఒక్క నారాయణ్ కష్టమే కాదు. ముల్క్ రాజ్ ఆనంద్ రాసిన ‘అన్‌టచబుల్’ కూడా 1935లోనే వచ్చింది. దాన్ని 19 మంది పబ్లిషర్లు తిప్పి పంపాక, ఈ.ఎం. ఫార్‌స్టర్ అండతో వెలుగు చూసింది. 1938లో రాజా రావు ‘కాంతాపుర’ వచ్చింది. భారతీయ ఇంగ్లిష్ నవలకు బాట వేసినవాళ్లుగా ఈ ముగ్గురి పేర్లే ముందు చెబుతారు.

మంచి పేరొచ్చింది.. డబ్బు రాలేదు

పుస్తకం అచ్చయితే కష్టాలు తీరిపోయాయా? లేదు. సమీక్షలు బాగున్నాయి, అమ్మకాలే లేవు. దాంతో రెండో నవల ‘ది బ్యాచిలర్ ఆఫ్ ఆర్ట్స్’ (1937) ఒక పబ్లిషర్, మూడో నవల ‘ది డార్క్ రూమ్’ (1938) ఇంకో పబ్లిషర్.. ఇలా ప్రతిసారీ కొత్త గుమ్మం ఎక్కాల్సి వచ్చింది.

అంతలోనే పెద్ద దెబ్బ తగిలింది. 1939లో టైఫాయిడ్‌తో రాజం చనిపోయారు. చేతిలో చిన్న కూతురు హేమ. నారాయణ్ కుంగిపోయారు. చాలాకాలం రాయలేకపోయారు. మళ్లీ పెళ్లి చేసుకోలేదు. ఆ దుఃఖంలోంచి వచ్చిందే 1945 నాటి ‘ది ఇంగ్లిష్ టీచర్’. భార్యను పోగొట్టుకున్న ఓ లెక్చరర్ కథ. తన జీవితాన్ని ఆయన దాదాపు ఉన్నదున్నట్టుగా పెట్టిన నవల ఇదే.

రెండో ప్రపంచ యుద్ధంతో లండన్ దారి కూడా మూసుకుపోయింది. అప్పుడు ఆయన చేసిన పని.. సొంత ప్రచురణ సంస్థ పెట్టడం. పేరు ‘ఇండియన్ థాట్ పబ్లికేషన్స్’. తన పుస్తకాలను తానే అచ్చువేసి, తానే అమ్ముకున్నారు.

‘గైడ్’తో దశ తిరిగింది.. కానీ!

1956లో నారాయణ్ రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ సాయంతో తొలిసారి విదేశం వెళ్లారు. అమెరికాలోని బర్క్‌లీలో ఓ హోటల్ గదిలో కూర్చుని ‘ది గైడ్’ రాశారు. రాజు అనే టూరిస్ట్ గైడ్, జైలు నుంచి బయటికొచ్చాక, జనం నమ్మకం వల్ల స్వామీజీగా మారిపోయే కథ. వానల కోసం ఉపవాసం ఉండక తప్పని పరిస్థితి వస్తుంది. 1958లో వచ్చిన ఈ నవలకు 1960లో సాహిత్య అకాడమీ అవార్డు దక్కింది. ఇంగ్లిష్ రచనకు ఆ అవార్డు రావడం అదే మొదటిసారి.

1965లో దేవానంద్ హీరోగా ‘గైడ్’ సినిమా వచ్చింది. తెలుగు ప్రేక్షకులకు ‘రోజులు మారాయి’ డ్యాన్స్‌తో పరిచయమైన వహీదా రెహమాన్ ఇందులో రోజీ. సినిమా సూపర్ హిట్. నారాయణ్‌కు ఉత్తమ కథా రచయితగా ఫిల్మ్‌ఫేర్ అవార్డు కూడా వచ్చింది. కానీ ఆయన మాత్రం సంతోషపడలేదు. దక్షిణాది చిన్న ఊరి కథను ఉత్తరాది ప్యాలెస్‌ల మధ్యకు తీసుకెళ్లారన్నది ఆయన బాధ. దాని మీద వ్యంగ్యంగా ఓ వ్యాసమే రాశారు.

ఆ లోటు తీర్చింది బుల్లితెర. 1980ల్లో శంకర్ నాగ్ తీసిన ‘మాల్గుడి డేస్’ సీరియల్ షూటింగ్ కర్ణాటకలోని అగుంబెలో జరిగింది. బొమ్మలు వేసింది నారాయణ్ తమ్ముడు, కార్టూనిస్ట్ ఆర్కే లక్ష్మణ్. ఇంగ్లిష్ చదవని ఇళ్లకు కూడా స్వామి చేరింది అలాగే.

స్కూల్ బ్యాగ్ కోసం పార్లమెంట్‌లో..

నారాయణ్ ఎంపీగా ఉన్న సంగతి చాలామందికి తెలియదు. 1980ల్లో ఆయన్ను రాజ్యసభకు నామినేట్ చేశారు. తొలి ప్రసంగంలో ఆయన సాహిత్యం గురించి మాట్లాడలేదు. పిల్లల స్కూల్ బ్యాగుల బరువు గురించి మాట్లాడారు. నిద్ర చాలకుండానే లేపి తయారు చేయడం, నడుము వంగిపోయేలా పుస్తకాలు మోయించడం, సాయంత్రం హోంవర్క్.. ఆడుకోవడానికి టైమ్ ఏదని అడిగారు. అప్పటికి ఆయన వయసు 80 దాటింది.

ఆ మాటలు వృథా కాలేదు. 1992లో కేంద్రం ప్రొఫెసర్ యశ్‌పాల్ నాయకత్వంలో కమిటీ వేసింది. భారం లేని చదువు మీద 1993లో వచ్చిన రిపోర్టులో నారాయణ్ ప్రసంగం ప్రస్తావన ఉంది. తెలంగాణ ప్రభుత్వం 2017లో బ్యాగుల బరువుకు పరిమితి పెట్టింది. 2018లో కేంద్రం ఒకటి, రెండు తరగతులకు ఒకటిన్నర కిలో మించొద్దంది. పిల్లాడి బరువులో 10 శాతానికి బ్యాగ్ దాటొద్దని 2020 స్కూల్ బ్యాగ్ పాలసీ చెప్పింది. అమలు ఎలా ఉందో పొద్దున్నే స్కూల్ బస్సు దగ్గర నిలబడే ప్రతి తల్లికీ తెలుసు.

ఇప్పుడు ఎక్కడ మొదలుపెట్టాలి?

నారాయణ్ మీద విమర్శలూ ఉన్నాయి. భాష మరీ సాదాగా ఉంటుందని, దేశంలో ఇంత జరుగుతుంటే చిన్న ఊరు దాటలేదని కొందరు అంటారు. అయితే ఆ సాదా భాషే ఆయన్ను ఇంగ్లిష్ అంతంతమాత్రంగా వచ్చిన పాఠకుడికి దగ్గర చేసింది. పద్మ విభూషణ్ అందుకున్న ఆయన 2001 మే 13న చెన్నైలో కన్నుమూశారు. మైసూర్ యాదవగిరిలోని ఆయన ఇల్లు ఇప్పుడు మ్యూజియం.

కొత్తగా చదవాలనుకునేవాళ్లు ‘మాల్గుడి డేస్’ చిన్న కథలతో మొదలుపెట్టొచ్చు. ఒక్కో కథ పది, పదిహేను నిమిషాల్లో అయిపోతుంది. ఆ తర్వాత ‘స్వామి అండ్ ఫ్రెండ్స్’ పట్టుకోండి. పూర్ణ అనే ఆ స్నేహితుడు చెప్పిన మాట విని ఉంటే, ఈ పుస్తకం ఇవాళ మన చేతిలో ఉండేది కాదు.