తెరమీది ముఖం నిజమవుతుందా?

మీ పాపకు ఎత్తుపళ్లున్నాయి. క్లిప్పులు వేయిద్దామని చింతల్‌లోనో, షాపూర్‌నగర్‌లోనో ఆర్థోడాంటిస్ట్ దగ్గరికి తీసుకెళ్తారు. పక్కనుంచి తల ఎక్స్‌రే తీసి, ‘పద్దెనిమిదేళ్లకు ముఖం ఇలా ఉండొచ్చు’ అని కంప్యూటర్‌లో చూపిస్తే ఏం చేస్తారు? బొమ్మలో గడ్డం లోపలికి పోయి ఉంటే కంగారు. చక్కగా ఉంటే ‘ఇక వైద్యం ఎందుకు?’ అన్న ధీమా. నిజానికి రెండూ తొందరపాటే.

బొమ్మ ఎలా వస్తుంది?

ఈ ఎక్స్‌రేను సెఫలోగ్రామ్ అంటారు. 1931 నుంచీ వాడుకలో ఉంది. ఇందులో ముక్కు మొదలు, దవడ అంచు, గడ్డం వంటి చోట్ల గుర్తులు పెట్టి కోణాలు, దూరాలు కొలుస్తారు. వీటికి ఆ వయసు పిల్లల సగటు ఎదుగుదలను కలిపి భవిష్యత్తు ముఖాన్ని గీస్తారు. అమెరికాలో డాక్టర్ రాబర్ట్ రికెట్స్ 1970ల నాటికే ఈ పనిని కంప్యూటర్‌కు అప్పగించారు. అయితే అలాంటి అంచనాలు సగటును కలిపితే వచ్చే లెక్క కన్నా పెద్దగా మెరుగ్గా లేవని 1975లోనే ఒక పరిశీలన తేల్చింది.

ఎక్కడ తప్పుతుంది?

సగటు పిల్లలు లెక్కల్లోనే ఉంటారు. ఎదుగుదల జోరు ఆడపిల్లల్లో సుమారు 12 ఏళ్లకు, మగపిల్లల్లో 14 ఏళ్లకు ఎక్కువ. కానీ ఒకే తరగతి పిల్లల్లోనూ రెండు మూడేళ్ల తేడా ఉండొచ్చు. పైగా దవడ పెరగడమే కాదు, తిరుగుతుంది కూడా. డెన్మార్క్ పరిశోధకుడు ఆర్నే బ్యోర్క్ పిల్లల దవడల్లో చిన్న లోహపు గుర్తులు అమర్చి, ఏళ్ల తరబడి ఎక్స్‌రేలు తీసి దీన్ని గమనించారు. కొందరిలో గడ్డం ముందుకు, మరికొందరిలో కిందికి, వెనక్కి జరుగుతుంది. ఎవరిలో ఎటు అనేది ముందే చెప్పమని 1984లో అమెరికాలో నిపుణులను పరీక్షిస్తే, వాళ్ల జవాబులు బొమ్మా బొరుసా వేసినట్టే ఉన్నాయి.

పాత కొలతలు చాలావరకు అమెరికాలోని తెల్లజాతి పిల్లలవి. మన పిల్లల్లో పళ్లు, పెదవులు సహజంగానే కాస్త ముందుకుంటాయి. ఆ కొలబద్దతో చూస్తే లేని లోపం కనిపించొచ్చు.

‘ఇప్పుడు ఏఐ వచ్చింది కదా’ అనుకోవచ్చు. ఎక్స్‌రేలో గుర్తులు పెట్టే పనిని అది క్షణాల్లో బాగా చేస్తుంది. కానీ ఇవాళ్టి ముఖాన్ని కొలవడం వేరు, ఆరేళ్ల తర్వాతి ముఖాన్ని చెప్పడం వేరు. ఒకటి రెండేళ్ల అంచనా కాస్త దగ్గరగా ఉండొచ్చు. కాలం పెరిగేకొద్దీ తేడా పెరుగుతుంది. కింది దవడ ముందుకు పొడుచుకొచ్చే పిల్లల్లో ఇది మరీ కష్టం.

మీరేం చేయాలి?

* ‘ఇది ఎన్నేళ్ల తర్వాతి అంచనా? ఎంత తేడా రావచ్చు? బొమ్మ లేకపోయినా ఇదే వైద్యం చేస్తారా?’ అని అడగండి.
* మూడు నెలలకోసారి ఎత్తు కొలిచి రాసిపెట్టండి. ఎత్తు జోరుగా పెరిగే కాలమే దవడ కూడా ఎదిగే కాలం. ఆడపిల్ల రజస్వల అయిన సంగతీ చెప్పండి.
* అమ్మానాన్నల్లో, తాతల్లో కింది దవడ ముందుకు ఉంటే దాచకండి.
* అంచనా నమ్మలేమని వైద్యం వాయిదా వేయకండి. పైపళ్లు కింది పళ్ల వెనక్కి పడుతుంటే, పైదవడ ఇరుకుగా ఉంటే ఏడెనిమిదేళ్లకే చూపించాలి.
* దవడ ఆపరేషన్‌ను మాత్రం సాధారణంగా ఎదుగుదల ఆగేదాకా ఆపుతారు. మగపిల్లల్లో ఇది 20 ఏళ్ల దాకా పట్టొచ్చు.

సందేహం తీరకపోతే రెండో అభిప్రాయం తీసుకోండి. జీడిమెట్ల వాసులకు సూరారంలోని మల్లారెడ్డి దంత వైద్య కళాశాల దగ్గరే. అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉంది. పాత ఎక్స్‌రేలు వెంట తీసుకెళ్లండి. ఏడాది తేడాతో తీసిన రెండు ఎక్స్‌రేలను పక్కపక్కన పెడితే, మీ పాప దవడ ఎటు ఎదుగుతోందో ఏ ఊహాచిత్రం కన్నా బాగా తెలుస్తుంది.