తీగమీది పాలపిట్ట

పక్షులను చూడగోరువారు మహారణ్యములకే పోనక్కరలేదు. స్టేషన్ ఘన్‌పూరు చుట్టుపట్ల పల్లెబాటలపై ఒక అపరాహ్ణవేళ కారులో మెల్లగా సాగిపోయిన చాలును. నడచివచ్చు మనిషిని చూచి దూరముననే లేచిపోవు పక్షి, కారును అంతగా లెక్కచేయదు. కనుక కారే చక్కని మాటు. దానిని బాట ప్రక్కన నిలిపి, ఇంజను ఆపి, అద్దము దించి, తలుపు తీయక కూర్చుండవలెను.

ఓరుగల్లు సీమ చెరువుల సీమ. కాకతీయులనాటి పాకాల, రామప్ప చెరువులు నేటికిని పొలములను తడుపుచున్నవి. చెరువున్నచోట పొలము, పొలమున్నచోట పురుగు, పురుగున్నచోట పిట్ట. తాటిచెట్లకు గిజిగాని గూళ్లు వ్రేలాడుచుండును. మగపక్షి సగము గూడల్లి ఆడపక్షికి చూపును. ఆమె మెచ్చినపిమ్మటనే తక్కిన సగము పూర్తియగును. పశువుల వెంట ఏట్రింత తిరుగును; వాని అడుగుల అలికిడికి లేచు మిడుతలే దాని విందు.

ఇక విద్యుత్తు తీగపై కదలక కూర్చుండునది పాలపిట్ట. అప్పుడది మట్టిరంగు పక్షివలెనే తోచును. నేలపై పురుగును చూచి రెక్క విప్పినంతనే నీలిరంగులు తళుక్కుమనును. ఉత్తరాదివారు దీనిని నీలకంఠమందురు గాని, దీని సొంపంతయు రెక్కలలోనే ఉన్నది.

2014లో తెలంగాణ ప్రభుత్వము దీనిని రాష్ట్రపక్షిగా ప్రకటించినది. విజయదశమినాడు దీనిని చూచుట శుభమని మనవారి నమ్మిక. ఆ దర్శనమునకై జనులు ఊరుదాటి పొలములకు పోయెడివారు. ఇప్పుడు కొన్నిచోట్ల పక్షినే పంజరమున బంధించి జనులకడకు తెచ్చి, పైకము పుచ్చుకొని చూపుచున్నారు. ఎగిరిపోకుండ రెక్కలు కత్తిరించుటయు కద్దు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము ఇది నేరము. చట్టము మాట అటుంచుడు. రెక్క విప్పలేని పాలపిట్టను చూచినవారు చూచినదేమి?

1931–32లో సలీం అలీ హైదరాబాదు సంస్థానమంతట తిరిగి పక్షుల వివరములు సేకరించెను. మన విద్యార్థులు అంత చేయనక్కరలేదు. కారు లేనివారు చెట్టుచాటున నిలువవచ్చును. గూటి దరికి పోక, తేది, చోటు, పక్షి పేరు, అది చేయుచున్న పని ఒక పుస్తకమున వ్రాసికొనిన చాలును. రాబోవు దసరాకు ఉపాధ్యాయులు పిల్లలను పంజరము కడకు గాక పొలముగట్టునకు తోడ్కొనిపోవుదురు గాక.