బుల్లెట్ అమ్మేశాను... పేరు మాత్రం నాదే!

ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. ఈ-చలానా. హెల్మెట్ లేకుండా బండి నడిపారట. ఫొటో తెరిచి చూస్తే ఏపీ 37తో మొదలయ్యే నా నంబరే, నా బుల్లెట్టే. వెనకాల చేపల ఐస్ పెట్టె కట్టి ఉంది. కానీ ఆ బండి నేను అమ్మేసి అప్పటికి ఇరవై ఐదు రోజులైంది!

అసలేం జరిగిందో మొదటి నుంచి చెప్తాను. మీరూ బండి అమ్మే ఆలోచనలో ఉంటే పనికొస్తుంది.

నాది రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350. దాని మీద మోజుతో అరవై వేలు అదనంగా తగలేశాను. వెడల్పాటి హ్యాండిల్, కుట్టించిన సీటు, మాట్ రంగు, వీధి చివరి నుంచే వినపడే సైలెన్సర్. అమ్ముదామనుకున్నప్పుడు తాడేపల్లిగూడెంలో నాకు తెలిసిన మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన చుట్టూ తిరిగి చూసి ఒకే మాటన్నాడు. "బండి మీది, సరదా కూడా మీదేనండి. కొనేవాడు బండికే డబ్బులిస్తాడు, మీ సరదాకి ఇవ్వడండి."

సైలెన్సర్ గురించి ఇంకో సంగతీ చెప్పాడు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన రూపాన్ని మనిష్టం వచ్చినట్టు మార్చకూడదు. 2019లో చట్టం సవరించాక ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా పడొచ్చు. అదృష్టం, పాత సైలెన్సర్, పాత హ్యాండిల్ మా ఇంటి అటక మీదే ఉన్నాయి. రెండూ మళ్లీ బిగించాం.

ఆన్‌లైన్ పాట మొదలైంది

వేలం పద్ధతిలో నడిచే ఒక సైట్లో పెట్టాను. ఏ పార్టు మార్చానో, ఎక్కడ గీత పడిందో అన్నీ రాశాను. దానివల్ల బిడ్లు తగ్గుతాయేమో అనుకున్నా. తగ్గలేదు, అడిగేవాళ్ల అనుమానాలే తగ్గాయి.

అందరికంటే ఎక్కువ పాడినవాడు బండి చూడటానికే రాలేదు. "ఆర్మీలో ఉన్నానండి, సెలవు దొరకదు. క్యూఆర్ కోడ్ పంపుతాను, స్కాన్ చేసి పిన్ కొట్టండి, అడ్వాన్స్ మీ ఖాతాలో పడుతుంది" అన్నాడు. యూపీఐలో పిన్ కొట్టేది డబ్బులు పంపడానికే, తీసుకోవడానికి పిన్ అక్కర్లేదు. నంబరు బ్లాక్ చేశాను. ఎవరైనా ఇలా మోసపోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి.

రెండో స్థానంలో ఉన్నది కైకలూరు వైపు చేపల చెరువులు చేసే ఒకాయన. ఏలూరు వచ్చి, బండి నడిపి చూసి, "చెరువు పాటలు పాడినోణ్ణండి, ఈ ఆన్‌లైన్ పాట నాకో లెక్కా" అని నవ్వాడు. డబ్బు మొత్తం అక్కడే ఇచ్చేశాడు. ఫారం 29, ఫారం 30 మీద నేను సంతకాలు పెట్టి, తేదీ వేయకుండానే ఆయన చేతికిచ్చేశాను. "వారంలో పేరు మార్పించేస్తానండి" అన్నాడు.

నేను చేసిన తప్పదే.

చెరువు గట్టు మీద నా బండి

చలానా వచ్చాక పాత తీర్పుల గురించి చదివితే నిద్ర పట్టలేదు. ఒకాయన 2007లో కారు అమ్మాడు. అది చేతులు మారుతూ పోయింది గానీ రికార్డుల్లో పేరు మారలేదు. 2009లో యాక్సిడెంట్ అయింది. పరిహారం ఎవరు కట్టాలంటే, రిజిస్ట్రేషన్‌లో పేరున్న ఆ మొదటి ఆయనే అని 2018లో సుప్రీంకోర్టు తేల్చింది.

మర్నాడే కొల్లేరు మీదుగా కైకలూరు రోడ్డు పట్టుకున్నాను. ఆటపాక దగ్గర చెట్ల మీద పెలికాన్లు. మామూలుగా అయితే ఆగి ఫొటోలు తీసేవాణ్ణే. ఆ రోజు ఆగలేదు.

ఆయన చెరువు గట్టు మీదే దొరికాడు. "పట్టుబడి పనిలో పడి మర్చిపోయానండి. అయినా పేరుదేముందండి, బండి నడుస్తోంది కదా" అన్నాడు. అప్పుడే వాళ్లబ్బాయి నా బుల్లెట్ మీద వచ్చాడు. హెల్మెట్ లేదు. సన్నటి గట్టు, రెండు వైపులా నీళ్లు. వాడికి పద్దెనిమిదేళ్లు నిండాయో లేదో అడగడానికే భయమేసింది.

ఇద్దరం కలిసి వెళ్లి పేరు మార్పుకి దరఖాస్తు పెట్టించాం. చట్టం ప్రకారం అదే రాష్ట్రంలో అమ్మితే 14 రోజుల్లోగా అమ్మినవాడు, 30 రోజుల్లోగా కొన్నవాడు రవాణా శాఖకి తెలియజేయాలి. నా గడువు ఎప్పుడో దాటిపోయింది. పాత చలానా కూడా నేనే కట్టాను.

అందుకే చెప్తున్నా. డబ్బు చేతికొచ్చిన రోజు అమ్మకం పూర్తవ్వదు, ఆర్‌సీలో పేరు మారిన రోజే పూర్తవుతుంది. తేదీ లేని సంతకం ఎవరికీ ఇవ్వకండి. కొన్నవాళ్లతో పాటు మీరూ వెళ్లండి. వాళ్ల ఆధార్ కాపీ, డబ్బు ముట్టిన రసీదు దాచుకోండి.

కొన్నాళ్లకి రికార్డుల్లో పేరు మారింది. గుండెల మీంచి బరువు దిగింది. ఆ సైలెన్సర్ మాత్రం ఇంకా మా అటక మీదే ఉంది. దాన్ని అమ్మే ఉద్దేశం లేదు లెండి.