రిటర్ను వేయని పేదకు రీఫండ్ రాదు

అమెరికాలో ఫెడరల్ కనీస వేతనం గంటకు 7.25 డాలర్లు. 2009 జూలై నుంచి ఆ అంకె కదల్లేదు. ఇద్దరు చిన్నపిల్లలను ఒంటరిగా పెంచే తల్లి ఆ కూలి మీద వారానికి 40 గంటల చొప్పున ఏడాదంతా పనిచేస్తే ఆమె సంపాదన 15,080 డాలర్లు. అంత కొద్ది ఆదాయానికి ఆదాయపు పన్ను పడదు. 2025 సంవత్సరానికి ఆమె రిటర్ను వేసి తీరాలన్న నిబంధనా లేదు. వేయకపోతే అడిగేవారుండరు. కానీ వేస్తే మాత్రం ‘ఎర్న్‌డ్ ఇన్‌కమ్ ట్యాక్స్ క్రెడిట్’ కింద ప్రభుత్వమే ఆమెకు దాదాపు 6,030 డాలర్లు ఇస్తుంది. పిల్లల పేరిట ఇచ్చే మరో క్రెడిట్ కింద ఇంకో 1,887 డాలర్లు వస్తాయి. రెండూ కలిపితే ఏడాది సంపాదనలో సగానికి మించిన సొమ్ము. రిటర్ను వేయనక్కర్లేదని ఆమెకు చెప్పిన చట్టమే, ఆ డబ్బు అందుకోవడానికి రిటర్ను తప్ప వేరే దారి లేకుండా చేసింది. ఈ పథకం బలహీనతంతా ఆ ముడిలోనే ఉంది.

మన దేశంలో పన్ను కట్టేవారికి తెలిసిన రిబేటుకూ దీనికీ పెద్ద తేడా ఉంది. ఇక్కడ ఆదాయపు పన్ను చట్టం ఇచ్చే రిబేటు కట్టాల్సిన పన్నును సున్నాకు తెస్తుంది, అక్కడితో ఆగిపోతుంది. అమెరికా క్రెడిట్ సున్నా దగ్గర ఆగదు. పన్ను బాకీ లేకపోయినా మొత్తాన్ని చేతికిస్తుంది. పనిచేసి సంపాదించిన ఆదాయం ఉండటమే దానికి ప్రధానమైన షరతు. ఇద్దరు పిల్లలున్న కుటుంబానికి సంపాదించిన ప్రతి డాలరుకూ 40 సెంట్ల చొప్పున పెరుగుతూ పోయి, 2025 లెక్కల ప్రకారం 7,152 డాలర్ల దగ్గర నిలుస్తుంది. ఒంటరి తల్లి లేదా తండ్రి ఆదాయం 23,350 డాలర్లు దాటాక మెల్లగా తగ్గుతూ, 57 వేల పైచిలుకు దగ్గర ముగుస్తుంది. ముగ్గురు లేక అంతకుమించి పిల్లలుంటే గరిష్ఠం 8,046 డాలర్లు. పిల్లలు లేని వారికి మాత్రం 649 డాలర్లే.

1975లో ఫోర్డ్ అధ్యక్షుడిగా ఉండగా ఇది తాత్కాలిక ఏర్పాటుగా, 400 డాలర్ల గరిష్ఠ పరిమితితో మొదలైంది. లూసియానా సెనేటర్ రస్సెల్ లాంగ్ దీని వెనుక గట్టిగా నిలబడ్డారు. 1978లో శాశ్వతమైంది. 1986లో రీగన్ కాలంలోనూ, 1993లో క్లింటన్ కాలంలోనూ విస్తరించింది. రెండు పార్టీలూ మోసుకొచ్చిన పథకం ఇది. 2024లో సుమారు 2.3 కోట్ల శ్రామికులు, కుటుంబాలు దీని కింద దాదాపు 6,400 కోట్ల డాలర్లు అందుకున్నాయి. అయినా అర్హుల్లో ప్రతి ఐదుగురిలో ఒకరికి ఇది అందడం లేదు. పల్లెల్లో ఉండేవారు, సొంతంగా చిన్న పనులు చేసుకునేవారు, మనవలను పెంచే తాతామామ్మలు, ఇంగ్లీషు అంతగా రానివారు, రిటర్ను వేసే అలవాటు లేనివారు, అంటే డబ్బు అవసరం ఎక్కువగా ఉన్నవారే ఇందులో ఎక్కువగా మిగిలిపోతున్నారు.

మరి వాళ్లకు ఉత్తరం రాసి చెబితే సరిపోదా? ఈ ప్రశ్నకు పరిశోధకులు రెండు రకాల జవాబులు తెచ్చారు. సౌరభ్ భార్గవ, దయానంద్ మనోలి అనే ఆర్థికవేత్తలు కాలిఫోర్నియాలో 35,050 మంది మీద అధ్యయనం చేశారు. వీరంతా రిటర్ను వేసి, క్రెడిట్‌ను మాత్రం వదిలేసినవారు. మొదటి నోటీసుకు కదలని వీరికి మరో నోటీసు పంపినప్పుడు చాలామంది స్పందించారు. మాటలు సులువుగా ఉండి, ఎంత డబ్బు రావచ్చో స్పష్టంగా కనిపిస్తే స్పందన ఇంకా పెరిగింది. తర్వాతి కాలంలో అదే కాలిఫోర్నియాలో మరో పరిశోధక బృందం పది లక్షల మందికి పైగా పేదలకు ఉత్తరాలు, ఫోన్ సందేశాలు పంపి ఆరు ప్రయోగాలు చేసింది. రిటర్నులు పెరగలేదు, క్రెడిట్ తీసుకున్నవారూ పెరగలేదు. ఈ రెండు ఫలితాలూ ఒకదాన్నొకటి కొట్టేయవు. మొదటివారు అప్పటికే గుమ్మం దాకా వచ్చినవారు, ఒక్క మాట చాలింది. రెండోవారిలో చాలామంది రిటర్ను గడపే తొక్కనివారు. వారికి కావలసింది కబురు కాదు, పక్కన కూర్చుని కాగితాలు పూర్తిచేసి పెట్టే మనిషి. అవగాహన ప్రచారం సాయం చేసే చేతితో కలిసి వెళ్తేనే ఫలిస్తుందన్నది ఈ అనుభవం చెప్పే పాఠం.

ఈ డబ్బు అసలు ఇవ్వకూడదనేవారూ ఉన్నారు. పన్ను కట్టనివారికి పన్ను వాపసు ఏమిటన్నది వారి మొదటి ప్రశ్న. ఆ తల్లి ఆదాయపు పన్ను కట్టని మాట నిజమే. కానీ సోషల్ సెక్యూరిటీ, మెడికేర్‌ల పేరిట ఆమె జీతంలో మొదటి డాలరు నుంచే 7.65 శాతం కోత పడుతుంది. ఏడాదికి 1,153 డాలర్లు అలా పోతాయి. ఆ భారాన్ని తగ్గించడం 1975 నాటి ఉద్దేశాల్లో ఒకటి. రెండో అభ్యంతరం మరింత బలమైనది. ఇటీవలి సంవత్సరాల్లో ఈ చెల్లింపుల్లో పాతిక శాతానికి పైగా నిబంధనలకు సరిపోనివని పన్నుల శాఖ ఐఆర్ఎస్ సొంత అంచనాలే చెబుతున్నాయి. దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. అయితే సరిపోనిదంతా మోసం కాదు. విడిపోయిన దంపతుల్లో బిడ్డ ఎవరి దగ్గర ఆరు నెలలకు మించి ఉంది వంటి చిక్కుల్లో దొర్లే తప్పులూ ఇందులో ఉంటాయి. తప్పులు తగ్గాలంటే శిక్షణ పొందినవారు రిటర్ను నింపాలి, అంటే ఇక్కడ కూడా కావలసింది ఆ సాయమే. తక్కువ జీతాలిచ్చే యజమానికి ఇది పరోక్ష సబ్సిడీ అవుతుందన్న వాదనలోనూ కొంత నిజముంది. అందుకు మందు కనీస వేతనాన్ని కూడా పెంచడం. ఉన్న క్రెడిట్‌ను కార్మికుడికి తెలియకుండా ఉంచితే యజమాని జీతం పెంచడు.

అమెరికాలోని తెలుగువారందరూ సాఫ్ట్‌వేర్ జీతాల మీద బతకడం లేదు. కుటుంబ సభ్యుల ద్వారా గ్రీన్‌కార్డు మీద వెళ్లి గ్యాస్ స్టేషన్లలో, దుకాణాల్లో, వంటశాలల్లో పనిచేసేవారున్నారు. వారు నిబంధనలు తెలుసుకుని తీరాలి. పని చేయడానికి చెల్లే సోషల్ సెక్యూరిటీ నంబరు ఉండాలి. ఏడాదంతా పన్ను లెక్కల్లో అమెరికా నివాసిగా ఉండాలి. బిడ్డ సగం ఏడాదికి మించి అమెరికాలో మీతోనే ఉండాలి కాబట్టి, ఊళ్లో అమ్మమ్మ దగ్గర పెరుగుతున్న పిల్లల పేరు చెప్పి ఈ క్రెడిట్ తీసుకోవడం కుదరదు. స్టూడెంట్ వీసా మీద వెళ్లినవారు మొదటి అయిదేళ్లు సాధారణంగా పన్ను లెక్కల్లో నివాసులు కారు, కాబట్టి వారికీ వర్తించదు. నిబంధనలను నిర్లక్ష్యం చేసి తీసుకున్నట్టు తేలితే రెండేళ్లు, మోసమని తేలితే పదేళ్లు ఈ క్రెడిట్‌కు దూరం చేస్తారు.

అర్హత ఉన్నవారు మాత్రం వదులుకోకూడదు. నిర్ణీత పరిమితిలోపు ఆదాయం ఉన్నవారికి ఐఆర్ఎస్ శిక్షణనిచ్చిన వాలంటీర్లు ‘వీటా’ కేంద్రాల్లో ఉచితంగా రిటర్ను వేసిపెడతారు. వాపసు సొమ్ములో వాటా అడిగే ఏజెంటు దగ్గరికి వెళ్లే పనిలేదు. గడువు తేదీ నుంచి మూడేళ్లలోపు పాత సంవత్సరాల రిటర్నులు కూడా వేసి రావాల్సింది రాబట్టుకోవచ్చు. అక్కడి తెలుగు సంఘాలు, గుళ్లు ఏటా జనవరి నుంచి ఏప్రిల్ దాకా వారానికి ఒక పూట ఇందుకు కేటాయిస్తే బాగుంటుంది. తెలుగు తెలిసిన ఇద్దరు వాలంటీర్లు, ఒక బల్ల, నాలుగు కుర్చీలు చాలు. అడగందే అమ్మైనా పెట్టదంటారు. అడగడం రానివారి పక్కన కూర్చుని అడిగించడం, అడగడం వచ్చిన మనందరి బాధ్యత.