పాటల వావివరుసలు

మన నాటకపుస్తకములను తిరుగవేసినవారికి ఒక సంగతి తెలిసియే యుండును. పాటకు ముందు రాగము పేరు, తాళము పేరు వ్రాసి, వాని ప్రక్కన వేరొక పాట మొదటి మాటలు వేసి “అను వరుస” అని అచ్చొత్తించెడివారు. కొందరు “అను మట్టు” అని వ్రాసెడివారు. అనగా, మాటలు నావి, నడక మాత్రము ఫలానా పాటది, అది మీకు తెలిసినదే గనుక ఆ నడకను పాడుకొనుడు అని కవి తానే చెప్పుట. అప్పు తెచ్చినవాడు పదిమందిలో అప్పిచ్చినవాని పేరు చెప్పుట వంటి దిది. వరుస యను మాటకు మన భాషలో చుట్టరికమనియు నర్థము గలదు గదా. పాటలకును చుట్టరికములు గలవు. నేడు లోకమంతటను రేడియోలలోను, యువకుల చేతిఫోనులలోను మ్రోగుచుండు పాప్ పాటల వావివరుసలను గూర్చి కొంత చెప్పదలచితిని. ఇది పిల్లకాయల వేడుకయని పెద్దలు త్రోసివేయ నక్కరలేదు. ఇందు ధనము గలదు, న్యాయము గలదు, ఒక బీదకుటుంబపు కూడుగుడ్డలును గలవు.

పరుల వరుసను తెచ్చుకొనుట చిన్నతనము కాదు. 1835లో కాలధర్మము నొందిన ముత్తుస్వామి దీక్షితులవారు కుంపిణీవారి బ్యాండుమేళములు వాయించు పాశ్చాత్యపు వరుసలకు సంస్కృత సాహిత్యములు కూర్చిరి. వానిని నోటుస్వరము లందురు. అట్టివి సుమారు నలుబది గలవు. అందు “సంతతం పాహిమాం” అనునది ఇంగ్లీషువారి రాజగీతపు వరుస. వారు తమ రాజును కాపాడుమని దేవుని వేడుకొను వరుసలో దీక్షితులవారు శ్యామలాంబను వేడుకొనిరి. వినువారికి వరుస ఎక్కడిదో దాచబడలేదు. తెచ్చినదానికి క్రొత్తప్రాణము పోయబడినది.

ఇట్టి యెరవులలో ఏది యొప్పు, ఏది తప్పు అను విచారము మన ఆలంకారికులు వేయేండ్లకు ముందే చేసిరి. తొమ్మిదవ శతాబ్దమున కాశ్మీరమున నుండిన ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకము నాలుగవ ఉద్ద్యోతమున, ఒక కవి రచనకు వేరొక కవి రచనతో గల పోలికకు సంవాదమని పేరిడి, దానిని మూడు తెగలుగా విభజించెను. అద్దములోని ప్రతిబింబము వంటిది మొదటిది. చిత్తరువు వంటిది రెండవది. ఇరువురు మనుష్యుల దేహములకు గల పోలిక వంటిది మూడవది. మొదటి రెంటికి తమదను ఆత్మ లేదు గనుక వానిని విడువుమనియు, మూడవదానిని విడువ నక్కరలేదనియు ఆయన మతము. అన్నదమ్ముల ముఖము లొకపోలికగా నున్నంతమాత్రమున తమ్ముడు అన్న ముఖమును దొంగిలించెనని యెవరందురు? ఆ తరువాత రాజశేఖరుడు కావ్యమీమాంసలో ఈ భేదములను మరింత విస్తరించి చెప్పెను. దొంగ కాని కవి లేడనియు, దాచుకొన నేర్చినవాడు నింద లేక బ్రదుకుననియు ఒక చమత్కారము కూడ విసరెను. అది చమత్కారమే గాని విధి గాదని నేను విద్యార్థులకు చెప్పుచుండెడివాడను. చెప్పినను వారికి ఆ మాటయే బాగుగ గుర్తుండెడిది.

ఈ కొలబద్దను పాప్ పాటలకు పెట్టి చూతము. పాప్ అనగా జనులు మెచ్చునది యని అర్థము. మూడు నాలుగు నిమిషములలో ముగియును. పల్లవి మాటిమాటికి వచ్చును. ఒకమారు వినిన చాలు, చెవిలో నిలిచిపోవును. మన సంగీతమున స్వరములు ఒకదానివెనుక నొకటి నడచును. పాశ్చాత్యులు గానమునకు తోడుగా మూడేసి స్వరములను ఒక్కమారే మ్రోగింతురు. దానిని నేను స్వరగుచ్ఛ మందును. వారి ముఖ్యమైన మేళము మన ధీరశంకరాభరణము. అందు స-గ-ప యొక గుచ్ఛము, మ-ధ-స రెండవది, ప-ని-రి మూడవది. ఈ మూడింటిని త్రిప్పి త్రిప్పి కట్టిన పాటలు వేలకొలది గలవు. ఒకే గుచ్ఛముల వరుస రెండు పాటలలో నున్నదని దొంగతన మనుట, భ-ర-న-భ-భ-ర-వ గణములు నన్నయగారివి గనుక తిక్కనగారు ఉత్పలమాల వ్రాయరాదనుట వంటిది. ఛందస్సు ఊరుమ్మడి చెరువు. ఎవరి కడవకు సరిపడు నీరు వారు తెచ్చుకొందురు.

న్యాయస్థానములకును ఈ చిక్కు తప్పలేదు. ఎడ్ షీరన్ అను ఇంగ్లీషు గాయకుడు 2014లో విడుదల చేసిన “థింకింగ్ అవుట్ లౌడ్” అను పాట, 1973లో మార్విన్ గే పాడిన “లెట్స్ గెట్ ఇట్ ఆన్” అను పాటకు నకలని, ఆ పూర్వపు పాట కట్టినవారిలో నొకరి వారసులు దావా వేసిరి. షీరన్ బోనులో గిటారు పట్టి వాయించి, ఆ గుచ్ఛములు అందరివియే యని చూపెను. 2023 మే నెలలో న్యూయార్కు జ్యూరీవారు ఆయన పక్షమున చెప్పిరి. సరియైన మాటయే. అదే మార్విన్ గే పాడిన వేరొక పాట విషయమున 2015లో కాలిఫోర్నియా జ్యూరీవారు దీనికి విరుద్ధముగ చెప్పి, 2013 నాటి “బ్లర్డ్ లైన్స్” కర్తలను తప్పుపట్టిరి. చివరకు సుమారు 50 లక్షల డాలర్ల పరిహారము స్థిరపడెను. అచట పోలిక యంతయు లయనడకలోను మేళపు ధోరణిలోను మాత్రమే యున్నది. ఆ తీర్పు నాకు రుచింపదు. నడకకు స్వామ్యము కలిగినచో రేపు ఆదితాళమునకును యజమాని పుట్టును.

ఎరుగక చేసిన యెరవు ఒకటి గలదు. జార్జి హారిసన్ అను ఇంగ్లీషు గాయకుడు 1970లో “మై స్వీట్ లార్డ్” అను భక్తిగీతము వెలువరించెను. అందు హరేకృష్ణ నామమును, గురుస్తోత్రమును కూడ వినవచ్చును. అందుచేత మనదేశమున దానిపై అభిమానము మెండు. ఆ పాట వరుస, 1963లో షిఫాన్స్ అను అమెరికా బాలికల బృందము పాడిన “హీ ఈజ్ సో ఫైన్” అను ప్రేమపాట వరుసయే యని వ్యాజ్యము వచ్చెను. 1976లో న్యాయాధిపతి, హారిసన్ తెలిసి దొంగిలింపలేదనియు, పూర్వము వినిన వరుస ఆయన మనస్సు లోపలిపొరలో నుండి తానై పైకి వచ్చెననియు, అయినను హక్కు భంగమైన దనియు తీర్పు చెప్పెను. మనవారు వాసన యని, సంస్కారమని చెప్పునది ఇదియే. కర్తకు తెలియని సంస్కారమునకు శిక్ష యేమని కొందరు వాదింతురు. నిజమే గాని, తెలియక పొరుగువాని గట్టు దున్నినను చేను పొరుగువానిదే గదా. వినోద మేమనగా, ఆ షిఫాన్స్ బృందమువారే 1975లో హారిసన్ పాటను తాము పాడి ప్లేటు వేసిరి!

ఇంతవరకు చెప్పినది వాదులు ప్రతివాదులు ఇరువురును న్యాయవాదులను పెట్టుకొన గలవారి కథ. ఇక అట్టి శక్తి లేనివాని కథ వినుడు.

దక్షిణాఫ్రికాలో జులూ జాతివాడు సొలొమన్ లిండా యను నతడు 1909లో నెటాల్ సీమ పల్లెలో పుట్టి, జోహానెస్‌బర్గు నగరమునకు పొట్టకూటికై వచ్చెను. అతనిదొక పాటబృందము. దాని పేరునకు సంధ్యాపక్షులని తెలుగు చేయవచ్చును. 1939లో ఆ బృందము గాలో అను కంపెనీవారి యొద్ద “ఎంబూబే” అను పాట పాడెను. జులూ భాషలో ఆ మాటకు సింహమని అర్థము. తక్కినవారు బొంగురుగొంతులతో ఒకే మాటను మంద్రమున మరల మరల పాడుచుండగా, లిండా వారిపైన సన్ననిగొంతుతో తోచినట్లు ఆలాపన చేసెను. తోడుగుచ్ఛములు నేను పైన చెప్పిన మూడే; అవి ఊరుమ్మడివి. కాని ప్లేటు ముగియుటకు ముందు కొన్ని క్షణములు అతడు అప్పటికప్పుడు కల్పించి పాడిన చిన్న వరుస మాత్రము ఉమ్మడి గాదు. అది యతని కంఠమున పుట్టినది. తరువాత లోకమును చుట్టివచ్చినది ఆ వరుసయే.

ఆఫ్రికాలో పదేండ్లలో ఆ ప్లేట్లు సుమారు ఒక లక్ష అమ్ముడుపోయినవని చెప్పుదురు. లిండా హక్కులను కంపెనీకి వ్రాసి యిచ్చి పుచ్చుకొన్నది పది షిల్లింగులు. ఆ కంపెనీ కార్ఖానాలోనే ప్లేట్లను కట్టలు కట్టు పనియు అతడు చేసెను.

జానపదగీత సంగ్రాహకుడు అలాన్ లోమాక్స్ ద్వారా ఆ ప్లేటు అమెరికాలో పీట్ సీగర్ అను గాయకునికి చేరెను. సీగర్ చెవితో విని వ్రాసికొనెను. “ఉయింబూబే”, అనగా నీవు సింహమవు, అనుమాట ఆయన చెవికి “వీమోవే” యని వినబడెను. ఆ తప్పు మాటయే పాటకు పేరయ్యెను. సీగరుది వీవర్స్ బృందము, నేతగాండ్రని అర్థము. వారు 1951లో దానిని పాడి ప్లేటు వేయగా మిక్కిలి ప్రసిద్ధి వచ్చెను. ప్లేటుపై కర్తగా లిండా పేరు లేదు. పాల్ క్యాంప్‌బెల్ అను పేరున్నది. అట్టి మనుష్యుడు లేడు. కర్త తెలియని జానపదగీతములను సవరించి పాడినపుడు ఆ బృందమువారు పెట్టుకొను మారుపేరది. 1961లో టోకెన్స్ అను యువకబృందమునకై జార్జి వైస్ మున్నగువారు ఇంగ్లీషు మాటలు చేర్చి, లిండా ఆశువుగా పాడిన ఆ తుది వరుసను పాట కంతటికిని పట్టుగొమ్మగ చేసిరి. “ది లయన్ స్లీప్స్ టునైట్” అని దాని పేరు. ఆ యేడు డిసెంబరులో అమెరికా పాటల పట్టీలో అదియే మొదటిది. పిమ్మట ఎందరో గాయకులు పాడిరి. 1994లో డిస్నీవారి “ది లయన్ కింగ్” చలనచిత్రమున చేరి ఇంటింటి పిల్లలకును తెలిసినది.

లిండా 1962లో సొవెటోలో మూత్రపిండముల జబ్బుతో మరణించెను. బ్యాంకులో అతని పేర నున్నది 22 డాలర్లకు సరిపడు సొమ్మని చెప్పుదురు. సమాధిపై రాయి వేయించుటకు అతని భార్యకు 18 ఏండ్లు పట్టెను.

2000 సంవత్సరమున రయాన్ మలాన్ అను దక్షిణాఫ్రికా రచయిత రోలింగ్ స్టోన్ పత్రికలో ఈ చరిత్రనంతయు త్రవ్వి వ్రాసెను. ఆ పాట సంపాదించిన ధనము సుమారు కోటిన్నర డాలర్లని ఆయన అంచనా. వ్యాసము చదివినవారికి కోపము వచ్చుట సహజము. కాని కోపముతో దావా నెగ్గదు. న్యాయవాదులకు దొరకిన ఆధార మొక పాతచట్టము. 1911లో బ్రిటిషు పార్లమెంటు చేసిన కాపీరైటు చట్టములో, కర్త తన హక్కును జీవించియుండగా అమ్మివేసినను, అతడు మరణించిన 25 ఏండ్లకు ఆ హక్కు వారసులకు తిరిగి వచ్చునని యొక నిబంధన గలదు. లిండా పాడిననాడు దక్షిణాఫ్రికాలో చెల్లుచుండినది ఆ చట్టమే. లెక్క వేయగా 1987 నుండి హక్కు బిడ్డలది. దాని బలముచేత 2004లో డిస్నీ కంపెనీపై దావా పడెను. 2006లో ఆ పాట హక్కుదారులైన అమెరికా కంపెనీవారు రాజీపడిరి. గడచినకాలమునకు సొమ్ము, రాబోవుదానిలో భాగము కూతుళ్లకు ఇచ్చుటకును, ఎంబూబేయే మూలమనియు లిండా సహకర్త యనియు ఒప్పుకొనుటకును వారు సమ్మతించిరి. ఎంత సొమ్మో వెల్లడింపలేదు. సీగర్ మాట కూడ చెప్పవలెను. ఆయన పూర్వమే లిండాకు వేయి డాలర్లు పంపి, తన భాగము సొమ్మును అచటికే పంపుమని ప్రకాశకులకు చెప్పెను. సొమ్ము సక్రమముగ పోవుచున్నదో లేదో విచారింపక పోతినని తరువాత చింతించెను.

ఆనందవర్ధనుని కొలతకు ఈ పాట యేమగును? టోకెన్స్ పాటకు మాటలు క్రొత్తవి, మేళము క్రొత్తది. ప్రాణమైన వరుస మాత్రము లిండాది. ప్రతిబింబము కాదు, దాయాది పోలికయు కాదు. రాజశేఖరుడు నాలుగవ తెగగా పరపురప్రవేశ మని ఒకటి చెప్పెను. అనగా ఒకని ప్రాణము వేరొక శరీరమున చొచ్చుట. ఇచట సరిగ జరిగిన దిదియే. అలంకారదృష్టిచే చూచిన అది మంచిపాటయే. తప్పు పాటలో లేదు, ప్లేటుపై అచ్చొత్తిన పేరులో నున్నది.

లిండా ప్రభావము ఇంకొక దారిని నడచెను. ఆ బృందగానపు పద్ధతికే కొంతకాలము ఎంబూబే యని పేరు వచ్చెను. ఆ పరంపరలో వచ్చిన లేడీస్మిత్ బ్లాక్ మంబాజో బృందముతో కలిసి అమెరికా గాయకుడు పాల్ సైమన్ 1986లో “గ్రేస్‌లాండ్” అను ప్లేటు వెలువరించెను. అందు “హోమ్‌లెస్” అను పాటకు కర్తలుగ సైమన్ పేరును, ఆ బృందనాయకుడు జోసెఫ్ షబలాలా పేరును రెండును గలవు.

మన దేశమున 1911 నాటి ఆ చట్టమే 1914 చట్టము మూలమున కొన్ని మార్పులతో చెల్లుచుండెను. తరువాత 1957 చట్టము వచ్చినది. దాని ప్రకారము నేడు పాట కట్టినవాని హక్కు జీవితకాలమును, తదనంతరము 60 ఏండ్లును నిలుచును. 2012 సవరణ వలన, సినిమాకై వ్రాసిన పాట సినిమాహాలులో చిత్రముతో పాటు వినబడుట తప్ప తక్కిన వినియోగములపై వచ్చు రాయల్టీలో కవికిని, వరుస కట్టినవానికిని సమభాగము గలదు. ఆ భాగమును వారసులకును, రాయల్టీ వసూలుచేయు సొసైటీకిని తప్ప అన్యులకు వ్రాసి యిచ్చినను చెల్లదు. లిండావలె పది షిల్లింగులకు సంతకము పెట్టినను ఆ భాగము పోదు.

కాని చట్టము కర్త యెవరో తెలిసినచోటనే పనిచేయును. లిండా పాట సగము “జానపదము” అను మాట చాటున పోయినది. మన పల్లెలలోని కోలాటపు పాటలు, ఊడ్పుపాటలు అన్నియు తాతల నాటివి కావు. కొన్నిటిని కట్టినవారు నిన్న మొన్నటివారు. కొందరు నేటికిని జీవించియున్నారు. పట్టణమునుండి ఎవరైన వచ్చి వానిని వ్రాసికొని, ఫోనులో పట్టుకొని పోవునపుడు, ఇది ఫలానివారి కోడలు కట్టినదని చెప్పు పెద్ద యొకడు అరుగుపై నున్నచో ఆ పేరు కాగితముపై నెక్కును. లేనిచో జానపదమని యెక్కును.