టికియాపారాలో సాయంత్రం బడి

బడి గంట కొట్టాక పేదపిల్లల చదువు ఎవరి పూచీ? హౌరా మురికివాడలో ఓ ఇంటి గదిలో మొదలైన పాఠాలు ఈ ప్రశ్నకు సగం జవాబు చెబుతాయి. మిగతా సగం రంగారెడ్డి జిల్లా పల్లెల నుంచి వచ్చింది.

సికింద్రాబాద్‌లో బయలుదేరిన ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ ఒక రోజుకు పైగా ప్రయాణించి హౌరా చేరబోయే ముందు వేగం తగ్గిస్తుంది. ప్రయాణికులు సీట్ల కింది నుంచి సూట్‌కేసులు లాగుతుంటారు, పిల్లలకు చెప్పులు తొడుగుతుంటారు. సరిగ్గా ఆ సమయంలోనే కిటికీ బయట టికియాపారా దాటిపోతుంది. రైళ్లను కడిగి శుభ్రం చేసే యార్డు, దాని చుట్టూ ఒకదాన్నొకటి ఆనుకుని నిలిచిన ఇళ్లు, రేకుల కప్పులు. 'పారా' అంటే బెంగాలీలో పేట. హౌరా తర్వాత ఆగ్నేయ రైల్వే మార్గంలో మొదటి స్టేషన్ ఇది. దీన్ని కోల్‌కతాలో భాగంగా లెక్కేస్తారు కానీ నిజానికి మహానగరానికి దీనికి మధ్య హుగ్లీ నది ఉంది.

టికియాపారా పత్రికలకెక్కేది తరచు చెడ్డ వార్తలతోనే. 2020 ఏప్రిల్ 28న కరోనా లాక్‌డౌన్ అమలు చేయడానికి వచ్చిన పోలీసులపై ఇక్కడి బెలీలియస్ రోడ్డులో జనం తిరగబడినప్పుడు ఈ పేట పేరు దేశమంతా మోగింది. కానీ అదే పేటకు ఇంకో కథ ఉంది. అది అంతకు దాదాపు 30 ఏళ్ల ముందు మొదలైంది.

ఆ కథలో ముఖ్యుడు మామూన్ అఖ్తర్. పుట్టి పెరిగింది టికియాపారాలోనే. ఏడో తరగతిలో ఉండగా ఇంట్లో ఫీజు కట్టే స్తోమత లేక బడికి దూరమయ్యాడు. తర్వాత చదువును తనంతట తానే నెట్టుకొచ్చాడు, ట్యూషన్లు చెప్పి నాలుగు రాళ్లు సంపాదించాడు. 1991లో చుట్టుపక్కల ఇళ్లలో బడి ముఖం చూడని పిల్లలను వేళ్ల మీద లెక్కపెట్టగలిగినంత మందిని పోగేసి తన ఇంటి గదిలోనే అక్షరాలు దిద్దించడం మొదలుపెట్టాడు. మాదకద్రవ్యాల అమ్మకం పగలూ రాత్రీ సాగే పేట అది. పిల్లలకు చదువు లేకపోతే ముందుగా పని ఇచ్చేది ఆ వ్యాపారమే.

సాయం అడుగుతూ కనిపించిన వారికల్లా ఉత్తరాలు రాయడం అఖ్తర్‌కు అలవాటు. అలా ఒక ఉత్తరం అప్పట్లో కోల్‌కతాలోని అమెరికా కాన్సుల్ జనరల్ భార్య లీ ఆలిసన్ సిబ్లీకి చేరింది. ఆమె పేటకు వచ్చి చూశారు, చేయూతనిచ్చారు. ఆ తర్వాత ముంబయికి చెందిన కేరింగ్ ఫ్రెండ్స్ బృందం వంటి దాతలు తోడయ్యారు. గది భవనమైంది. సమారిటన్ హెల్ప్ మిషన్ పేరుతో సంస్థ ఏర్పడింది. విద్యార్థుల సంఖ్య వేలల్లోకి పెరిగింది. ఒకప్పుడు మత్తుమందుల అడ్డాగా పేరుపడ్డ బెలీలియస్ పార్కు ఆవరణలో రెబెకా బెలీలియస్ పేరుతో ఇంగ్లిష్ మీడియం పాఠశాల వెలిసింది. అక్కడి మైదానంలో స్పెయిన్‌కు చెందిన రియల్ మాడ్రిడ్ క్లబ్ ఫౌండేషన్ సహకారంతో పిల్లలు ఫుట్‌బాల్ నేర్చుకున్నారు. ఒక యూదు వర్తక కుటుంబం పేరున్న పార్కులో, క్రైస్తవ కథ నుంచి పేరు తీసుకున్న సంస్థ నడిపే బడిలో, ఎక్కువగా ముస్లిం పిల్లలు చదువుకోవడం హౌరాలో ఎవరికీ వింతగా అనిపించదు.

ట్యూషన్ల రాజ్యంలో

ఇంటి గదిలో పాఠాలు బెంగాల్‌కు కొత్త కాదు. దేశంలో ట్యూషన్ల మోజు అత్యధికంగా ఉన్న రాష్ట్రాల్లో ఇదొకటి. 'అసర్' సర్వే 2022 లెక్కల ప్రకారం దేశంలోని గ్రామీణ ప్రాంతాల్లో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి వరకు చదివే పిల్లల్లో 30.5 శాతం మంది డబ్బు కట్టి ట్యూషన్‌కు వెళుతున్నారు. 2018లో ఇది 26.4 శాతమే. బెంగాల్ గ్రామాల్లోనైతే దాదాపు నలుగురిలో ముగ్గురు ట్యూషన్ పిల్లలే. అమర్త్య సేన్ తన నోబెల్ బహుమతి సొమ్ముతో నెలకొల్పిన ప్రతీచి ట్రస్టు 2002లోనే ఈ జాడ్యాన్ని ఎత్తిచూపింది. ప్రాథమిక పాఠశాలలో నేర్పవలసింది నేర్పితే ఆరేడేళ్ల పిల్లవాడికి ట్యూషన్ ఎందుకన్నది ట్రస్టు లేవనెత్తిన ప్రశ్న.

ప్రశ్న న్యాయమైనదే. కానీ టికియాపారా వంటి చోట్ల దానికి ఇంకో మెలిక ఉంది. ఇక్కడి కుటుంబాల్లో అనేకం బీహార్, ఉత్తరప్రదేశ్‌ల నుంచి వలస వచ్చినవి. ఇంట్లో ఉర్దూ, హిందీ. వీధిలో, ఆఫీసుల్లో బెంగాలీ. ఉద్యోగానికి కావలసింది ఇంగ్లిష్. తండ్రి లేతు మిషన్ దగ్గరో, రిక్షా మీదో. తల్లికి చదువు రాదు. హోంవర్కులో సందేహం వస్తే అడగడానికి ఇంట్లో మనిషి లేడు. ఉన్న ఒక్క గదిలో పుస్తకం తెరిచేందుకు జాగా కూడా లేదు. మధ్యతరగతి పిల్లవాడికి ట్యూషన్ అంటే రెండు మార్కులు ఎక్కువ. ఈ పిల్లవాడికి అది బడిలో నిలవడమా, మానేయడమా అన్న సంగతి.

అందుకే ఆ రాష్ట్రంలో ఎవరికి తోచిన పద్ధతిలో వారు ఈ ఖాళీని పూడ్చే ప్రయత్నం చేశారు. ముర్షీదాబాద్ జిల్లా బెల్‌డాంగా ప్రాంతానికి చెందిన బాబర్ అలీ 2002లో తన తొమ్మిదో ఏట పెరట్లోనే బడి పెట్టాడు. పగలు తను బడిలో విన్న పాఠాన్ని సాయంత్రం ఇంటికొచ్చి తోటి పిల్లలకు అప్పజెప్పేవాడు. 2009లో బీబీసీ అతణ్ని ప్రపంచంలోకెల్లా చిన్న వయసు హెడ్మాస్టర్‌గా లోకానికి పరిచయం చేసింది. కోల్‌కతాలోని లొరెటో సియాల్దా పాఠశాలలో ప్రిన్సిపాల్ సిస్టర్ సిరిల్ మూనీ 1985లో 'రెయిన్‌బో' పేరుతో ఇంకో దారి తొక్కారు. వీధిపిల్లలు తమకు వీలైన వేళ బడిలోకి రావచ్చు. ఆ బడిలో చదివే అమ్మాయిలే వాళ్లకు పాఠాలు చెబుతారు. అలా చెప్పడం కూడా వారి చదువులో భాగమే. 2007లో పద్మశ్రీ అందుకున్న ఆమె 2023లో కన్నుమూశారు.

రంగారెడ్డి నుంచి అభ్యంతరం

ఇంతవరకు కథ సాఫీగానే ఉంది. కానీ సాయంత్రపు బడులపై గట్టి అభ్యంతరం ఒకటుంది. దాన్ని వినిపించింది తెలుగునేలే.

1979-80లో కేంద్రం అనియత విద్యా పథకం తెచ్చింది. పగలు పనికి వెళ్లే పిల్లలకు సాయంత్రం కాసేపు చదువు చెప్పాలన్నది ఆలోచన. విద్యలో వెనుకబడినవిగా గుర్తించిన రాష్ట్రాల్లో దీన్ని అమలు చేశారు. వాటిలో ఆంధ్రప్రదేశ్, పశ్చిమ బెంగాల్ రెండూ ఉన్నాయి. వినడానికి బాగున్న ఈ ఏర్పాటును రంగారెడ్డి జిల్లాలో పనిచేసిన ఎం. వెంకటరంగయ్య ఫౌండేషన్ నిర్ద్వంద్వంగా తోసిపుచ్చింది. రాత్రి బడి పెట్టడమంటే పగటి పనిని ఒప్పేసుకున్నట్టే. ఒళ్లు అలిసిన పిల్లవాడికి లాంతరు వెలుగులో అరకొర చదువు, కామందు కొడుక్కి పగటిపూట పూర్తి చదువు అనే తేడాను ప్రభుత్వమే ఖాయం చేస్తోందన్నది ఆ సంస్థ వాదన. బడిలో లేని ప్రతి పిల్లవాడూ బాలకార్మికుడే అన్నది దాని మూలసూత్రం.

సంస్థను నడిపిన శాంతా సిన్హా హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో రాజనీతి శాస్త్రం బోధించేవారు. పనిలోంచి తెచ్చిన పిల్లలను కొన్ని నెలలపాటు శిబిరాల్లో ఉంచి, వయసుకు తగిన తరగతిలో నేరుగా పగటి బడికి పంపే పద్ధతిని ఆమె బృందం స్థిరపరిచింది. లక్షల మంది పిల్లలు ఆ దారిన బడికి చేరారు. ఆమెకు 2003లో రామన్ మెగసెసే అవార్డు వచ్చింది. 2007లో ఏర్పడిన జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌కు ఆమే తొలి చైర్‌పర్సన్. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టంలో, బడి బయటి పిల్లలను ప్రత్యేక శిక్షణతో వయసుకు తగిన తరగతిలో చేర్చాలన్న నిబంధన ఈ ఆలోచనకు దగ్గరి చుట్టం.

మరి టికియాపారా సంగతేమిటి? అఖ్తర్ గది అలాగే గదిగా మిగిలిపోయి ఉంటే ఈ అభ్యంతరం దానికీ తగిలేది. అలా మిగలలేదు. ఇంటి పాఠాలు పూర్తి స్థాయి పగటి బడిగా ఎదిగాయి. ఒక్కమాటలో చెప్పాలంటే సాయంత్రపు బడి గమ్యం కాకూడదు, మెట్టు కావాలి. రంగారెడ్డి చెప్పిన సూత్రాన్ని టికియాపారా తనదైన తోవలో రుజువు చేసింది.

వచ్చేవారెవరు?

బడి వేళల తర్వాత చెప్పే పాఠాలు పనిచేస్తాయా అన్నదానికి మంచి ఆధారమే ఉంది. ఉత్తరప్రదేశ్‌లోని జౌన్‌పూర్ జిల్లాలో 'ప్రథమ్' సంస్థ 2000 దశకం మధ్యలో గ్రామ యువకులకు కొద్దిపాటి శిక్షణ ఇచ్చి, బడి వేళల తర్వాత చదవడం నేర్పించే తరగతులు పెట్టించింది. తర్వాత నోబెల్ అందుకున్న అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డఫ్లో సహా ఆర్థికవేత్తలు ఫలితాలను కొలిచారు. అక్షరం ముక్క రాని పిల్లలు కూడా తరగతులకు వచ్చాక అక్షరాలు గుర్తుపట్టారు. చిక్కల్లా హాజరుతోనే. ఊళ్లోని పిల్లల్లో నూటికి ఎనిమిది మందే వచ్చారు. అక్షరాలు అసలే రానివారిలో కూడా వచ్చింది 13 శాతమే. మందు మంచిదే, తాగేవారే తక్కువ.

రాకపోవడానికి సోమరితనం ఒక్కటే కారణం కాదు. సాయంత్రం వేళ పేదపిల్లల మీద హక్కుదారులు చాలామంది. చెల్లెల్ని ఎత్తుకోవాలి, కుళాయి దగ్గర నీళ్లు పట్టాలి, కొట్లో కూర్చోవాలి. 2016లో సవరించిన బాలకార్మిక చట్టం 14 ఏళ్లలోపు పిల్లలను పనిలో పెట్టుకోవడాన్ని పూర్తిగా నిషేధిస్తూనే ఒక కిటికీ తెరిచి ఉంచింది. బడి వేళల తర్వాత, సెలవుల్లో కుటుంబ వృత్తిలో సాయం చేయవచ్చు. అంటే పగటి వేళను చట్టం బడికి రాసిచ్చింది, సాయంత్రాన్ని ఇంటికి వదిలేసింది. ఇంట్లోనే చిన్న చిన్న పనులు సాగే పేటల్లో దీనర్థం ఏమిటో ఊహించడం కష్టం కాదు. ఆరు గంటలకు పిల్లవాడి చేతిలో ఉండేది పలకా, పనిముట్టా అన్నది ఏ ఇన్‌స్పెక్టరూ చూడడు. చూడగలిగేది పేట మనిషే. పక్కింటి మనిషి నడిపే బడికి అదే బలం. పిల్లవాడు రెండు రోజులు రాకపోతే తలుపు తట్టి అడగగలడు.

చట్టం ఇంకో చిక్కు కూడా తెచ్చిపెట్టింది. గుర్తింపు కావాలంటే తగిన భవనం, తరగతి గదులు, ఉపాధ్యాయులు ఉండాలని విద్యాహక్కు చట్టం చెబుతుంది. పిల్లల క్షేమం కోసం అది అవసరమే. కానీ దాతల మీద ఆధారపడి ఇరుకు సందుల్లో మొదలైన బడి ఆ కొలతలకు ఎదగాలంటే ఏళ్లు పడుతుంది. ఎదగలేనిది మూతపడుతుంది, లేదా పేరుకు ట్యూషన్ సెంటరుగా మిగులుతుంది. ఉపాధ్యాయులు ప్రైవేటు ట్యూషన్లు చెప్పకూడదని అదే చట్టంలోని 28వ సెక్షన్ శాసిస్తోంది. బెంగాల్‌లో నలుగురిలో ముగ్గురు ట్యూషన్‌కు వెళుతున్నారంటే పిల్లలకు ఇంకా ఎవరో ఒకరి సాయం కావలసి వస్తోందన్నమాట.

చెట్టు కింద సర్కారు

2020 మార్చిలో బడులు మూతపడ్డాక ఈ వాదనలన్నీ కొత్త రూపం దాల్చాయి. పశ్చిమ బర్ధమాన్ జిల్లా జామురియా ప్రాంతంలో ఉపాధ్యాయుడు దీప్ నారాయణ్ నాయక్ మట్టిగోడలకు నల్లరంగు పూయించి వీధినే తరగతి గదిగా మార్చారు. 'రాస్తార్ మాస్టర్'గా పేరుపడ్డ ఆయన 2023లో గ్లోబల్ టీచర్ ప్రైజ్ తుది పదిమందిలో నిలిచారు. చివరికి ప్రభుత్వమూ ఆ బాటే పట్టింది. 2022 ఫిబ్రవరి 7న 'పాడాయ్ శిక్షాలయ్' పేరుతో చిన్న తరగతుల పిల్లలకు పేటల్లోనే, ఆరుబయట పాఠాలు మొదలుపెట్టింది. పేటలోని బడి అని దానర్థం. మామూన్ అఖ్తర్ 1991లో చేసిన పనికి 31 ఏళ్ల తర్వాత సర్కారు పెట్టిన పేరు అది. బడులు తెరుచుకున్నాక అది ముగిసింది.

వారాంతపు బడి అంటే తెలుగువారిలో చాలామందికి వేరే బొమ్మ కళ్లముందు మెదులుతుంది. అమెరికాలో సిలికానాంధ్ర 2007లో మొదలుపెట్టిన 'మనబడి'. పగటి బడిలో అన్నీ దొరికిన పిల్లలకు ఇంట్లో జారిపోతున్న భాషను అందించే ప్రయత్నం. కారులో దింపే తండ్రి, ఇంటికొచ్చాక పద్యం అప్పజెప్పించుకునే తల్లి ఉన్న బడి. టికియాపారాలో లోటు తిరగబడి ఉంటుంది. అక్కడ భాష ఇంట్లో నిండుగా ఉంది, లేనిది చదువే. అయినా రెండు చోట్లా మొదటి అడుగు ఒకటే. పగటి బడి ఇవ్వలేనిది తమ పిల్లలకు తామే ఇవ్వాలని చుట్టుపక్కల వాళ్లు అనుకోవడం. తేడా అల్లా, అక్కడ ఒక వారం తరగతి తప్పితే పిల్లవాడికి నాలుగు మాటలు తగ్గుతాయి. టికియాపారాలో వరసగా నాలుగు సాయంత్రాలు తప్పితే పిల్లవాడు బడి వైపు మళ్లీ రాకపోవచ్చు.