ఆట విరామమున శిక్షకుని మాట

కబడ్డీ బరిలో మొదటి సగము ముగిసి, పిల్లలు రొప్పుచు గీత వెలుపలికి వచ్చినప్పుడు శిక్షకునికి దొరకునది 5 నిమిషముల విరామము. నడుమ అడిగి పుచ్చుకొను టైమ్ అవుట్ 30 సెకన్లు మాత్రమే. ఈ స్వల్పవ్యవధిలో జరిగిన తప్పులన్నియు ఏకరువు పెట్టవలెనను ఆతురత సహజమే గాని, ఆ క్షణమున బాలుని దేహమును చిత్తమును ఏ స్థితియందుండునో యెఱిగినవారు అట్లు చేయరు.

కూతకు పోయి తిరిగివచ్చిన బాలుని గుండె వడిగా కొట్టుకొనుచుండును, ఊపిరి కుదుటపడియుండదు, పట్టులో చిక్కిన ఘడియయే కన్నులయెదుట మెదలుచుండును. విన్న మాటను పనికి వచ్చునందాక నిలిపియుంచు తాత్కాలిక స్మృతి స్వభావముచేతనే ఇరుకైనది: దాని పరిమితి సుమారు 7 అంశములని 1956లో మనస్తత్వశాస్త్రజ్ఞుడు జార్జి మిల్లరు వ్రాయగా, సుమారు నాలుగేయని 2001లో అదే శాస్త్రమునకు చెందిన నెల్సన్ కోవన్ సవరించెను. ఉద్వేగములో నున్న పసివానికి ఒక్క మాట నిలిచినను గొప్పయే. కావున ముందు నీళ్లు త్రాగనిచ్చి, శ్వాస నిలకడకు రానిచ్చి, పిమ్మట నోరు విప్పవలెను. ఆ 30 సెకన్లలో కూడ తొలి పది సెకన్ల మౌనము వ్యర్థము కాదని నా దృఢవిశ్వాసము.

ఇక ఆ మాట ఎట్టిదై యుండవలెను? శరీరచలన విద్యాభ్యాసమును పరిశోధించు గాబ్రియేలె వుల్ఫ్ సహచరులతో 1998లో ప్రకటించిన ప్రయోగమున, మంచుజారుడును అనుకరించు యంత్రముపై సాధన చేయుచు తమ పాదములపై దృష్టి నిలిపినవారికంటె, పాదములక్రింది చక్రములపై దృష్టి నిలిపినవారు ఆ విద్యను మెరుగుగా నేర్చిరి. అవయవములను దేహము తనంత తాను సర్దుకొనును. బుద్ధిపూర్వకముగా నడపబోయిన తడబడును. మూల కాచుచున్న పిల్లవానితో "మోకాళ్లు వంచరా, చేతులు చాచరా" అనుటకంటె, "వాడి చీలమండ మీదే చూపుంచు నాయనా, బోనస్ గీత దగ్గరికి కాలు రాగానే పట్టు" అనుట మేలగుట ఇందువలననే.

మందలింపు మాట వేరు. సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయమునకు చెందిన రొనాల్డ్ స్మిత్, ఫ్రాంక్ స్మోల్ అను శాస్త్రజ్ఞులు, బాలుర బేస్‌బాల్ శిక్షకులకు, తప్పు జరిగినచో గద్దింపునకు మారుగా ధైర్యమును, వెంటనే సవరించుకొను ఉపాయమును చెప్పుట నేర్పిరి. 1992లో ప్రకటితమైన వారి పరిశోధనలో, అట్టి శిక్షకులయొద్ద ఆడిన పిల్లలలో మరుసటి యేడు ఆట మానినవారు నూటికి 5గురు, ఇతరులయొద్ద 26గురు. గెలుపోటములు ఈ తేడాకు హేతువు కాలేదు.

మన ఉన్నత పాఠశాలల వ్యాయామోపాధ్యాయులకొక విన్నపము: రాబోవు పోటీలో విరామము ముగియుటకు ముందు, "నేనేం చెప్పానో నువ్వు చెప్పరా" అని ఒక్క పిల్లవాని నడుగుడు, అతడు తడుముకొన్నచో కోపింపక, మీ మాటను సగమునకు కుదించి మరల చెప్పి బరిలోనికి పంపుడు.